స్కేట్ రెక్కలు కొనవచ్చా? ముందు అది ఏ స్కేటో తెలియాలి

నమస్కారం. మసాచుసెట్స్‌లోని ఒక చేపల దుకాణంలో స్కేట్ రెక్కలు మిగతా చేపలకంటే చవకగా కనిపించాయనీ, కాకినాడలో చిన్నప్పటినుండి తిన్న టేకు చేపలా ఉండడంతో కొనబోయారనీ, తోడు వచ్చిన మిత్రుడు “ఆ జాతి అంతరించిపోతోంది, ముట్టుకోవద్దు” అంటే దుకాణదారు మాత్రం “సముద్రంలో అవి కుప్పలుగా ఉన్నాయి” అన్నాడనీ రాశారు. ఇద్దరిలో ఎవరి మాట నిజమన్నది మీ మొదటి ప్రశ్న. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు టేకు తినడానికి కూడా ఇదే లెక్క వర్తిస్తుందా అన్నది రెండవది.

ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదువు ముగించుకుని ఈ దేశం వచ్చిన తరువాత, నేను కొన్నేళ్ళపాటు న్యూ ఇంగ్లండ్ వేట పడవలపై పరిశీలకుడిగా పనిచేశాను. వలలో ఏ జాతి ఎంత పడింది, అందులో ఎంత ఒడ్డుకు తెచ్చారు, ఎంత తిరిగి నీళ్ళలోకి విసిరారు అని తూచి, కొలిచి రాసుకోవడమే ఆ ఉద్యోగం. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ మిత్రుడూ అబద్ధం చెప్పలేదు, దుకాణదారూ చెప్పలేదు. ఇద్దరూ ఒకే పేరుతో వేరువేరు చేపల గురించి మాట్లాడారు. స్కేట్ల వేటలో జరిగిన నష్టంలో పెద్ద భాగం ఈ పేరు గందరగోళం వల్లనే జరిగింది కనుక, కొంచెం వివరంగా రాయక తప్పడం లేదు.

స్కేట్ చూడడానికి మన టేకులాగే బల్లపరుపుగా ఉంటుంది. సొర, టేకు, స్కేట్ మూడూ ఎముకలు లేని, మృదులాస్థితో నిర్మితమైన చేపల కుటుంబానికి చెందినవే. అయితే మన తీరంలో దొరికే టేకు తోకకు సాధారణంగా విషపు ముల్లు ఉంటుంది, అది పిల్లలను కంటుంది. స్కేట్‌కు ఆ ముల్లు ఉండదు, అది గుడ్లు పెడుతుంది. గట్టి తోలువంటి నాలుగు మూలల సంచిలో గుడ్డును ఉంచి సముద్రపు అడుగున వదిలివేస్తుంది. ఖాళీ అయిన ఆ సంచులు అలలకు ఒడ్డుకు కొట్టుకువస్తే ఇక్కడి పిల్లలు జలకన్య సంచులని ఏరుకుంటారు. వంటలో మాత్రం ఈ చుట్టరికం స్పష్టంగా తెలుస్తుంది. ఈ చేపలన్నీ ఒంట్లో యూరియాను నిలుపుకుంటాయి, చచ్చిన తరువాత అది అమోనియాగా మారుతుంది. సొర పుట్టు చేసేటప్పుడు మన ఇళ్ళలో ముక్కను ముందు ఉడికించి, నీళ్ళు పారబోసి, చర్మం గీకివేయడానికి ఒక కారణం ఆ వాసనే. కొరియావారు స్కేట్‌ను పులియబెట్టి హొంగియోగా తింటారు, ఐస్‌లాండ్‌వారు డిసెంబరు 23న అటువంటిదే ఒక వంటకం వండుకుంటారు. ఇద్దరూ ఆ వాసనను వదిలించుకోవడానికి బదులు రుచిగా మార్చుకున్నారు.

ఇక అసలు విషయం. కాడ్ వంటి చేప ఒక్క ఋతువులో లక్షల గుడ్లు పెడుతుంది, స్కేట్ ఏడాదికి కొన్ని పదులో, మహా అయితే వంద పైచిలుకో మాత్రమే పెడుతుంది. కొన్ని పెద్ద జాతులు ఈడుకు రావడానికి పదేళ్ళకు పైగా పడుతుంది. ఇందులో దాగి ఉన్న ప్రమాదాన్ని చిన్న గణితంతో చూపవచ్చు. వేటవల్ల ఏటా నూటికి 20 చేపలు చనిపోతున్నాయనుకోండి, సహజ మరణాలను పక్కన పెట్టండి. నాలుగేళ్ళకు ఈడుకు వచ్చే చేపల్లో నూటికి 41 ఆ వయస్సుకు చేరుకుంటాయి. పదకొండేళ్ళకు ఈడుకు వచ్చే చేపల్లో నూటికి 9 కూడా మిగలవు. వల అదే, పడవ అదే, వేటగాడి కష్టం అదే; ఒక జాతి తట్టుకుంటుంది, మరొకటి తుడిచిపెట్టుకుపోతుంది. పైగా పెద్ద స్కేట్ పిల్ల గుడ్డునుండి బయటికి వచ్చేనాటికే 20 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది కాబట్టి, పుట్టిన మొదటి ఏడాదినుండే సముద్రపు అడుగున ఈడ్చే ట్రాల్ వల కన్నులోనుండి అది తప్పించుకోలేదు.

ఇది ఊహ కాదని ఐర్లాండ్‌కూ బ్రిటన్‌కూ నడుమ ఉన్న ఐరిష్ సముద్రం నిరూపించింది. ‘కామన్ స్కేట్’ అంటే సర్వసాధారణమైన స్కేట్ అని పేరు తెచ్చుకున్న భారీ చేప అక్కడ కనిపించకుండా పోయిందని మత్స్య శాస్త్రవేత్త కీత్ బ్రాండర్ 1981లో నేచర్ పత్రికలో ప్రకటించాడు. నిజానికి దానికోసమే ఎవరూ వేటాడలేదు, ఇతర చేపల కోసం లాగిన ట్రాల్ వలల్లో పడి పోయింది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ తరువాత తేలిన సంగతి. ఒడ్డుకు వచ్చిన చేపల పట్టికల్లో స్కేట్లు, వాటి దగ్గరి చుట్టాలైన రేలు అన్నీ ఒకే వరుసలో ఒకే అంకెగా రాసేవారు. పెద్ద జాతులు తరిగిపోతుంటే చిన్న జాతులు ఆ ఖాళీని నింపాయి, అందువల్ల మొత్తం అంకె కుదురుగానే కనిపించింది. నికొలస్ డల్వీ, ఆయన సహచరులు 2000లో ఈ విషయాన్ని విప్పి చూపేనాటికి కామన్ స్కేట్‌తోపాటు తెల్ల స్కేట్, పొడుగు ముక్కు స్కేట్ కూడా ఆ సముద్రంనుండి మాయమయ్యాయి. దస్త్రంలో లెక్క సరిపోయింది, సముద్రంలో చేప లేదు.

గందరగోళం అక్కడితో ఆగలేదు. కామన్ స్కేట్ అని దశాబ్దాలపాటు ఒక్కటిగా పిలిచినది నిజానికి రెండు వేరువేరు జాతులని ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2010లో తేల్చారు. వాటిలో చిన్నదానిని నీలి స్కేట్ అనీ, రెండున్నర మీటర్లు దాటి పెరిగే పెద్దదానిని ఫ్లాపర్ స్కేట్ అనీ ఇప్పుడు వ్యవహరిస్తున్నారు. అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్నదని మనం అనుకున్న జాతి స్థితి, దానిని రెండుగా విడదీసి చూస్తే, పెద్దదాని విషయంలో ఇంకా అధ్వానంగా తేలింది. యూరోపియన్ యూనియన్ 2009లో వీటిని ఒడ్డుకు తేవడాన్నే నిషేధించింది. స్కాట్లాండ్ పడమటి తీరంలో రెడ్ రాక్స్ దగ్గర ఫ్లాపర్ స్కేట్ గుడ్లు పెట్టే చోటు బయటపడగానే, 2021లో అక్కడి ప్రభుత్వం అత్యవసరంగా రక్షిత ప్రాంతాన్ని ప్రకటించవలసి వచ్చింది. ఆ గుడ్డు పొదగడానికి సుమారు పద్దెనిమిది నెలలు పడుతుంది. అంత కాలం కదలకుండా ఒకేచోట పడి ఉండే గుడ్డుపైనుండి అడుగు గీకే వల ఒక్కసారి పోతే చాలు.

మీ మిత్రుడు చదివినది బహుశా ఈ చేపల గురించే. ఆయన భయానికి ఆధారం ఉంది. కానీ మీరు చూసిన రెక్క ఆ సముద్రానిది కాదు.

మీ దుకాణంలోని రెక్క చాలావరకు వింటర్ స్కేట్‌ది అయి ఉంటుంది. మేన్ నుండి నార్త్ కరోలినాలోని హాటెరస్ అగ్రం వరకు ఉన్న తీరంలో ఏడు స్కేట్ జాతులున్నాయి. వ్యాపారం ముఖ్యంగా రెండింటితోనే నడుస్తుంది. వింటర్ స్కేట్ రెక్కలు మనుషుల ఆహారానికి, ఎక్కువగా ఫ్రాన్స్ వంటి దేశాలకు ఎగుమతిగా పోతాయి. లిటిల్ స్కేట్ అన్న చిన్న జాతి ముక్కలై లాబ్‌స్టర్ బుట్టల్లో ఎరగా పోతుంది. 1960లలో విదేశీ ట్రాలర్ల దండు ఇక్కడికి వచ్చేవరకు స్కేట్‌ను పట్టించుకున్నవారు తక్కువ. ఆ దండు వచ్చాక 1969లో 9,500 టన్నులు ఒడ్డుకు చేరింది. 1981నాటికి అది 800 టన్నులకు పడిపోయింది. తరువాత కాడ్ తరిగిపోయి, ఎగుమతి గిరాకీ పెరిగి, కేప్ కాడ్ ఆగ్నేయ మూలనున్న చాథమ్ వంటి రేవుల్లో కాడ్ పట్టిన కుటుంబాలే స్కేట్‌కూ డాగ్‌ఫిష్ అనే చిన్న సొరకూ మళ్ళాయి. తీరానికే కాడ్ పేరు ఉన్నచోట పడవలోకి స్కేట్లు వచ్చిపడడం చూసినప్పుడల్లా నాకు వింతగా తోచేది.

2003లో ఇక్కడి మత్స్య నిర్వహణ మండలి స్కేట్ల కోసం ప్రత్యేక ప్రణాళికను అమలులోకి తెచ్చింది. బార్న్‌డోర్, థార్నీ అనే రెండు పెద్ద జాతులను ఒడ్డుకు తేవడం పూర్తిగా నిషేధమైంది; స్మూత్ స్కేట్‌ను మేన్ సింధుశాఖలో నిషేధించారు. 2010లో వార్షిక పరిమితి పెట్టి, అనుమతించిన మొత్తంలో 66.5 శాతం రెక్కల వేటకు, 33.5 శాతం ఎర వేటకు పంచారు. రెక్కలే తెచ్చిన పడవకు ఆ బరువును 2.27తో హెచ్చించి మొత్తం చేప బరువుగా లెక్క కడతారు. అంటే మీరు కొనే ప్రతి పౌను రెక్క వెనుక మరో పౌనుంపావు చేప పడవమీదనుండే సముద్రంలోకి పోయిందన్నమాట. ఈ కట్టుబాట్ల వరకు మంచిదే.

నాకు అనుమానాలున్నది చేపల సంఖ్యను అంచనా వేసే పద్ధతిమీద. కాడ్‌కు, హాడక్‌కు చేసినట్లు వయస్సుల వారీగా లెక్క కట్టే నమూనా స్కేట్లకు చేయలేదు. ప్రభుత్వ పరిశోధక నౌక 1963నుండి ఏటా శరదృతువులో ఒకే తీరుగా వల లాగి, పడిన బరువునుబట్టి ప్రతి జాతికి ఒక సూచిక తయారుచేస్తుంది. చాలా జాతులకు ఆ వార్షిక సూచికలను చిన్నదానినుండి పెద్దదాని వరకు వరుసగా పేర్చి, నాలుగింట మూడు వంతుల దూరంలో నిలిచే విలువను లక్ష్యంగా పెట్టుకుంటారు. మూడేళ్ళ సగటు అందులో సగానికి దిగితే ఆ జాతి అతివేటకు గురైనట్లు ప్రకటిస్తారు. ఉన్న సమాచారంతో చేయగలిగినది ఇదేనని ఒప్పుకుంటాను. కానీ 1963నాటికే విదేశీ నౌకలు ఇక్కడ వేట మొదలుపెట్టాయి కనుక, మనం ‘మంచి రోజులు’ అనుకుని కొలబద్దగా పెట్టుకున్నది అప్పటికే తరగడం మొదలైన సముద్రం కావచ్చు. దానికి తోడు చిన్న వయస్సులో వింటర్ స్కేట్‌నూ లిటిల్ స్కేట్‌నూ వేరుపరచడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. పై దవడలో పళ్ళ వరుసలు లెక్కపెట్టాలి. 72కు పైగా ఉంటే వింటర్, సాధారణంగా 54లోపే ఉంటే లిటిల్. జనవరి గాలిలో, ఊగిపోతున్న పడవ మీద, చేతులు కొయ్యబారిపోయినప్పుడు అరచేయంత చేప నోరు తెరిచి ఆ వరుసలు లెక్కపెట్టినవారికి, ఏ గణాంకాన్ని ఎంతవరకు నమ్మాలో బాగా తెలుస్తుంది.

నా అభిప్రాయం ఒక విషయంలో పూర్తిగా మారిందని కూడా చెప్పాలి. ధాన్యపు కొట్టు తలుపంత వెడల్పు ఉంటుందని పేరుపడిన బార్న్‌డోర్ స్కేట్ అంతరించే దశకు వచ్చిందని జిల్ కేసీ, రాన్సమ్ మయర్స్ 1998లో సైన్స్ పత్రికలో రాశారు. న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి సెయింట్ పియర్ బ్యాంక్ అనే లోతు తక్కువ సముద్ర ప్రాంతంలో 1950లలో పరిశోధక వల పదిసార్లు లాగితే ఒకసారి కనిపించిన ఆ చేప, ఆ తరువాతి రెండు దశాబ్దాల సర్వేలలో ఒక్కసారి కూడా కనిపించలేదు. అది చదివిన రోజున ఆ కథ ముగిసిందనే నేను అనుకున్నాను. అలా జరగలేదు. సర్వేలు వెళ్ళని లోతుల్లో అది కొంత మిగిలి ఉన్నట్లు తరువాత బయటపడింది; ఈడుకు వచ్చే వయస్సు కూడా అనుకున్న పదకొండేళ్ళు కాక ఆరేడేళ్ళేనని తేలింది. కాడ్‌ను కాపాడడానికి 1994లో కేప్ కాడ్‌కు తూర్పున ఉన్న జార్జెస్ బ్యాంక్‌లో మూసిన పెద్ద పెద్ద ప్రాంతాలు ఈ చేపకు కూడా నీడనిచ్చాయి. దానికి నిషేధం తోడై, 2016లో ఆ జాతి కోలుకున్నట్లు అధికారికంగా ప్రకటించారు. 2018నుండి రెక్కల పరిమితిలో ఒక చిన్న వాటాగా దానిని తెచ్చుకోనిస్తున్నారు. స్కేట్లు ఒకసారి తగ్గితే ఇక తిరిగి రావన్న మాట సరికాదనడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే బలమైన ఉదాహరణ లేదు.

అయితే దాని పక్కనే థార్నీ స్కేట్ కూడా ఉంది. అదే ఏడాది, అదే ప్రణాళిక కింద, అదే నిషేధం దానికీ వచ్చింది. ఇన్నేళ్ళ తరువాత కూడా మేన్ సింధుశాఖలో దాని సూచిక కోలుకోలేదు. అది చల్లని నీటి చేప, ఆ సింధుశాఖ ప్రపంచ సముద్రాల సగటుకంటే చాలా వేగంగా వేడెక్కుతోంది. ఐస్‌లాండ్, నార్వే వైపు అదే జాతి ఇంకా బాగానే దొరుకుతోంది. కనుక వేటను ఆపినంత మాత్రాన ఫలితం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇదే జాతికి న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి గ్రాండ్ బ్యాంక్స్‌లో అంతర్జాతీయ జలాల మత్స్య సంస్థ నాఫో 2005నుండి 13,500 టన్నుల పరిమితి పెట్టింది. అంతర్జాతీయ జలాల్లో స్కేట్ల వేటకు పెట్టిన మొట్టమొదటి పరిమితిగా దానిని అప్పట్లో మెచ్చుకున్నారు, కానీ శాస్త్రవేత్తలు చెప్పినదానికంటే ఆ అంకె ఎక్కువ. తరువాత అంచెలంచెలుగా దానిని 7,000 టన్నులకు దించవలసి వచ్చింది.

విసిరివేసిన చేపలు బతుకుతాయా అని మీరు అడగలేదు కానీ, అది తేలకుండా నిషేధానికి అర్థం లేదు. స్కేట్‌కు గాలితిత్తి లేదు కనుక లోతునుండి పైకి లాగినా కాడ్‌లాగా పొట్ట ఉబ్బి చావదు. ఒకప్పుడు విసిరిన వాటిలో సగం చస్తాయని ఊహించి లెక్క కట్టేవారు. ట్రాల్ వలలో పడిన వాటిని మూడు రోజులు బోనుల్లో ఉంచి చూసినప్పుడు వింటర్ స్కేట్‌లో చచ్చినవి నూటికి 9 మాత్రమే. సుకుమారమైన స్మూత్ స్కేట్‌లో 60. ఇక్కడ కూడా ‘స్కేట్’ అన్న ఒకే మాటకు రెండు జవాబులు వచ్చాయి. నేను చూసిన పడవల్లో అనుభవమున్న సరంగులు స్కేట్‌ను కొక్కెంతో పొడిచి విసరనిచ్చేవారు కాదు, చేత్తో తీసి జార్చమనేవారు. అందరు సరంగులూ అలా ఉండరు.

వల రకాన్ని కూడా చూడాలి. వింటర్ స్కేట్‌ను చాలావరకు నీటిలో తెరలా నిలబెట్టే పెద్ద కన్ను గిల్‌నెట్లతో పడతారు. చిన్న చేపలను తప్పించడంలో అవి ట్రాల్‌కంటే మేలు, సముద్రపు అడుగును కూడా గీకవు. కానీ ప్రపంచంలో నాలుగు వందలలోపే మిగిలిన ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగిలాలు నిలబెట్టిన వలల తాళ్ళలో చిక్కుకునే ప్రమాదం ఉంది. అందుకే అవి తిరిగే కాలాల్లో కొన్ని ప్రాంతాలను మూసివేస్తారు. చేప నిలకడగా ఉన్నంత మాత్రాన దాని వేట నిష్కళంకం కాదు.

ఇన్ని చెప్పిన తరువాత కూడా, కేప్ కాడ్ రేవులో దిగిన వింటర్ స్కేట్ రెక్క అయితే నేను కొంటాను, కొంటున్నాను కూడా. ఆ జాతి అతివేటకు గురైన వాటి జాబితాలో లేదు, దానికి పరిమితి ఉంది, పడవమీద నావంటి పరిశీలకులు ఉన్నారు. దుకాణదారును “తాజాదేనా” అని అడగడంతోపాటు “ఏ స్కేట్, ఏ రేవు” అని కూడా అడగండి. అతడు “స్కేట్ అంటే స్కేటే” అంటే ఆ రోజుకు వదిలివేయండి, ఎందుకంటే చర్మం ఒలిచిన రెక్కను చూసి జాతి చెప్పడం నావల్ల కూడా కాదు. యూరప్‌లో ఉన్న బంధువులకు చెప్పవలసి వస్తే ఇంత ధైర్యంగా చెప్పను. అక్కడ అనేక జాతులకు కలిపి ఒకే పరిమితి ఉండడం ఇంకా కొనసాగుతోంది, జాతుల వారీగా నమోదు చేయడం తప్పనిసరి అయిన తరువాత కొంత మెరుగుపడినప్పటికీ.

ఇక మన టేకు. లెక్క ఇదే, కానీ ఇంకా కఠినమైనది, ఎందుకంటే టేకు గుడ్లు పెట్టదు, ఒక కాన్పుకు కొద్ది పిల్లలనే కంటుంది. ఇంజను పడవంత పెరిగే ఏనుగు టేకు జాతులు చాలావరకు ఒక్క పిల్లనే కంటాయి. మచిలీపట్నంలోనో అంతర్వేదిలోనో టన్నుల బరువున్న టేకును క్రేనుతో లేపుతున్న వీడియో వచ్చినప్పుడు అందరూ దాని ధర గురించి మాట్లాడుకుంటారు, దాని వయస్సు గురించి ఎవరూ అడగరు. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కొన్ని టేకు జాతులను, రంపపు ముక్కు చేపలను పట్టడం నేరం. కానీ రేవులో రాసుకునే పుస్తకంలో ఇప్పటికీ చాలాచోట్ల ‘టేకు’ అన్న ఒక్క మాటే ఉంటుంది. అందుకే ఊరు వెళ్ళినప్పుడు నేను చేతి వెడల్పున్న చిన్న టేకు పులుసు పెడితే తింటాను, పెద్దదాని ముక్క మాత్రం కొనను.